అయ్యవారు అందించలేదు

మా అయ్యవారు పోయారు. బద్వేలులో, తన ఇంటి పంచలో, మధ్యాహ్నపు నమాజు ముగించి చాప చుట్టబోతూ ఒక పక్కకు ఒరిగిపోయారట. కబురు మా పల్లెకు చేరేసరికి ఖననం కూడా అయిపోయింది. నాకు చెప్పినవాడు మా ఊరి మీదుగా పోయే, బొగ్గుగ్యాసుతో నడిచే బస్సు డ్రైవరు. కాలేజీ హాస్టలు ముందు బస్సాపి, కిందికి దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని, "ఏమప్పా, మీ సాయిబు అయ్యవారు లేరంట. మీ యన్న నీకు చెప్పమన్నాడు" అన్నాడు. ఆ రెండు ముక్కలూ డ్రైవరుకు అప్పజెప్పడానికి మా అన్న ఎంత పెనుగులాడి ఉంటాడో, అంతసేపూ బస్సు నిలిపి ఈ మనిషి ఎలా ఓర్చుకున్నాడో అన్నదే నాకు మొదట తోచింది. దుఃఖం ఆ తరువాత వచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. దుఃఖం రోజురోజుకూ కొంత నెమ్మదిస్తున్నది. కోపం నెమ్మదించలేదు. నెమ్మదించాలని నేను కోరుకోవడమూ లేదు.

ఇటువంటి సంస్మరణ వ్యాసం చల్లగా సాగాలని, పోయినవారి సుగుణాలను నెమరువేసి కన్నీటితో ముగించాలని మా తెలుగు పండితులు చెబుతారు. నా చేత కాదు. అయ్యవారి పేరున మా ఊరి బడిలో సంతాపసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించినది ఆ బడి మేనేజరు గారు. ఒకప్పుడు అయ్యవారిని ఆ బడిలో నుంచి వెళ్లగొట్టినదీ ఆయనే. ప్రధానోపన్యాసం నాకు అప్పగించారు. కాలేజీ వక్తృత్వపు పోటీలలో కప్పులు గెలిచానన్న ఖ్యాతి ఊళ్లో ఉన్నది కనుక అది నా హక్కుగా అందరూ భావించారు, నేనూ భావించాను. ఎదుటివాడికి ఊపిరి తిప్పుకునే సందు ఇవ్వని ఉపన్యాసం ఒకటి సిద్ధం చేసుకొని వెళ్లాను. అందులో ఒక్క మాటా అక్కడ పలకలేదు. ఎందుకు పలకలేదో చివరికి చెబుతాను. పలకనివి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా అన్న సంగతి చెప్పాలి. అది లేక అయ్యవారి సంగతి అర్థం కాదు.

అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. ఊహ తెలిసినప్పటి నుంచీ అతని మాట మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేది. పెదవులు బిగుసుకునేవి, మెడనరాలు పొంగేవి, కళ్లు గట్టిగా మూతపడేవి. చెప్పవలసినది లోపల సిద్ధంగా ఉన్నదని చూసేవారికి తెలుస్తూనే ఉండేది. అయినా బయటికి రాదు. దీనికి నత్తి అని పేరు పెట్టి మా వైపు ముందు నవ్వుతారు. నవ్వడం అయ్యాక మందు చెబుతారు. మా అవ్వ ప్రతి ఆదివారం వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాసింది. బండి కట్టించుకొని అహోబిలం పోయి, గుడి గంట కడిగిన నీళ్లు చెంబులో పట్టి తెచ్చి తాగించింది. దర్గాలో ముజావరు చేత మంత్రించిన చక్కెర నోట్లో వేయించింది. నాయన మాత్రం పొరుగూరి వైద్యుడి దగ్గరికి తీసుకుపోయి, గొంతు కింద కాల్చిన సూదితో వాత పెట్టించాడు. ఆ మచ్చ అలాగే ఉన్నది. మండుటెండలో మడక దున్నేటప్పుడు కూడా అన్న చొక్కా పైగుండీ విప్పడు.

అవ్వ మీద నాకు కోపం లేదు. మనవడు మాట్లాడితే వినాలని ఆ ముసలిప్రాణం తనకు తెలిసిన గడపలన్నీ తొక్కింది. వాత పెట్టించిన నాయన కూడా ఆ రాత్రంతా ఏడ్చాడని అమ్మ చెప్పింది. నా కోపం ప్రమాణపత్రాలు పుచ్చుకొని, పిల్లలకు మాట నేర్పుతామని జీతం తీసుకున్నవారి మీద.

మాది ఆలూరుకు అవతల నల్లరేగడి పల్లె. బడి అంటే ఒకటే గది. అన్ని తరగతులూ అందులోనే. సర్కారు గ్రాంటుతో నడిచే ఆ బడికి ఏడాదికొకసారి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆయన మెచ్చుకుంటే గ్రాంటు, లేకపోతే లేదు. ఆయన పరీక్షించేదంతా నోటితోనే. అందుచేత బడిలో చదువంటే వల్లె వేయడమే. పొద్దున్నే పిల్లలందరం ఊగుతూ ఎక్కాలూ పద్యాలూ ఒకే గొంతుతో అరిచేవాళ్లం. ఆ వల్లెలో మా అన్న గొంతు అందరికంటే స్పష్టంగా వినిపించేది. ఒక్క తడబాటు ఉండేది కాదు. వల్లె ముగిసి, "ఇప్పుడు నువ్వొగనివే చెప్పు" అనగానే మాట బిగుసుకుపోయేది.

అప్పటి పాత అయ్యవారు దీని నుంచి తీసిన సిద్ధాంతం ఏమిటో తెలుసా? పిల్లవాడు నటిస్తున్నాడని.

"అందురితో అయితే గలగలా చెప్తావు, ఒగనివైతే నోరు పడిపోతాదా? ఎవురి ముందర్రా ఈ వేషాలు?" అని బెత్తం తీసేవాడు. అన్న ఏడుస్తూ తల అడ్డంగా ఊపేవాడు. నటన కాదని నోటితో చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ, ఆ చెప్పలేకపోవడమే నటనకు సాక్ష్యమయ్యేది. తర్కశాస్త్రం చదువుకుంటున్నవాడిగా అంటున్నాను, ఇంతటి దుర్మార్గమైన వాదాన్ని ఏ పోటీలోనూ నేను వినలేదు. నిందితుడు ఏ మాటతో తన నిర్దోషిత్వం చెప్పుకోవాలో, ఆ మాటే అతని గొంతులో ఇరుక్కున్నది. అది తెలిసీ చెప్పమన్నారు. చెప్పలేదని కొట్టారు.

ఆ పాత అయ్యవారికి బదులుగా వచ్చినవారే మేము పోగొట్టుకున్న అయ్యవారు. బద్వేలు వైపు దూదేకుల ఇంట పుట్టినవారు. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. అయినా వచ్చిన మొదటి వారం రచ్చబండ దగ్గర ఒక పెద్దమనిషి ఆయనను నిలబెట్టి, "ఏం సాయిబూ, తెలుగు పద్యాలు నువ్వు చెప్తావంట గదా, మా పిల్లోళ్లకి?" అని వెటకారమాడాడు. "చెప్తానప్పా. నువ్వూ రారాదా, ఆ మూల శానా చోటుండాది" అని ఆయన నవ్వుతూ నడిచిపోయారు. ఆ పెద్దమనిషి ఆ తరువాత తన మనవడి చేయి పట్టుకొని స్వయంగా బడికి తెచ్చి దింపేవాడు.

ఆయన వచ్చిన రోజున కూడా వల్లె జరిగింది. ఆయన బెత్తం ముట్టుకోలేదు. వరసల మధ్య మెల్లగా నడుస్తూ వచ్చి అన్న వెనక ఆగి, చెవి ఒగ్గి విన్నారు. వల్లె అయ్యాక అన్నను లేపి అదే ఎక్కం అడిగారు. అన్న గొంతు పూడుకుపోయింది. పిల్లలు నవ్వారు. అలవాటు ప్రకారం నేను లేచి అతని బదులు గడగడా అప్పజెప్పాను. ఇంట్లోనూ అంగట్లోనూ అదే నా పని. అన్నను అడిగితే నేను చెప్పాలి. శభాష్ అంటారనుకున్నాను.

"నిన్ను అడిగినానా?" అన్నారు అయ్యవారు.

"లేదయ్యవారూ."

"మరి నీ నోరు ఎవురు తెరిసిరి? వాని నోరు వానిది. నీది మూసుకోని కూర్చో."

కూర్చున్నాను. ఆయన అన్నకేసి చూడలేదు. మా అందరికీ వీపు పెట్టి, తడిగుడ్డ తీసుకొని నల్లబల్ల తుడవసాగారు. బల్ల అప్పటికే శుభ్రంగా ఉన్నది. అయినా ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకు, ఊళ్లో మరే పనీ లేనివాడిలా తుడుస్తూ ఉన్నారు. నవ్వేవారికి నవ్వడానికి ఏమీ మిగలక నవ్వు చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో, ముక్కలు ముక్కలుగా, ఎక్కం మొత్తం బయటికి వచ్చింది. "ఊఁ. సరిపోయింది" అన్నారాయన, గుడ్డ పిండుతూ. అంతకు మించి మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే అది కూడా అన్నను అందరి ముందూ నిలబెట్టడమే అవుతుందని ఆయనకు తెలుసు.

ఇంటికి పోయే ముందు ఉండబట్టలేక అడిగాను. "బోర్డు తుడిసిందే తుడిసినారు గదా అయ్యవారూ, ఎందుకు?"

"నేను వాని పక్క చూస్తాంటే, ఎప్పుడు చెప్తాడా అని చూసినట్లుంటాదిరా. వాని మాటకి నా కండ్లు అడ్డం. అందుకే ఆ పక్కకి తిరుక్కుంటి."

పాఠకులు గమనించాలి. పాత అయ్యవారు చూసినదీ, ఈయన చూసినదీ ఒకటే. పదిమందితో కలిస్తే ఈ పిల్లవాడు పలుకుతాడు, ఒంటరిగా పలకలేడు. ఒకరు దానిలో మోసం చూశారు. ఈయన దానిలో ఒక దారి ఉన్నదనుకొని ఆ దారిన నడిచారు. వల్లెలో సగం మందిని ఆపించేవారు, అన్న సాగిపోయేవాడు. ఇంకా కొందరిని ఆపించేవారు. చివరికి పక్కన కూర్చున్న ఒక్క పిల్లవాడి గొంతు తోడుంటే చాలునన్నంత దూరం వచ్చింది. తరువాత ఆ పిల్లవాణ్ణి కూడా ఆపి, ఆయనే తోడుగా పలికేవారు. నెలలు గడిచే కొద్దీ తన గొంతు తగ్గించుకుంటూ వచ్చారు. మాట గుసగుస అయింది. గుసగుస పెదవుల కదలిక అయింది. ఆ ఏడాది చివరికి, అయ్యవారి పెదవులు కదులుతూ కనిపిస్తే చాలు, అన్న ఒంటరిగా నిలబడి పద్యం పూర్తిగా చెప్పేవాడు. శబ్దం అంతా అన్నదే.

మధ్యలో ఒకసారి నాయన బడికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "అయ్యవారూ, మీరు వాన్ని ముద్దు జేస్తాండారంట. నాలుగు దెబ్బలు పెరికితే గాని కదలడు వాడు. మీరు పెరకండి, నేనేమీ అనుకోను."

"మా నాయన దూది ఏకుతాండె గదప్పా. ముడి వచ్చిన కాడ వింటినారి గట్టిగ మీటేటోడు కాదు. వదులు జేసి, మెల్లగ మీటుతాండె. గట్టిగ మీటితే దూదీ పాడు, నారీ తెగుతాదని నన్ను తిడతాండె. నాకు వచ్చిన పని అదొక్కటే. దాన్నే ఈడ జేస్తాండా" అన్నారు అయ్యవారు.

"మరి పలుకుతాడంటారా?"

"పలుకుతాండాడు. మీరు వినేంతసేపు ఆగితే మీకూ వినపడతాది."

నాయన ఆ మాటకు నొచ్చుకున్నాడు. అయితే ఆ రోజు నుంచి అన్నం దగ్గర అన్న మాట మొదలుపెడితే, ముద్ద పట్టుకొని ఆగేవాడు.

మా బడిలో ఇలా చిక్కుపడినది అన్న ఒక్కడే కాదు. కుమ్మరి వారి పిల్ల ఒకతె 'క' అనలేక 'త' అనేది. కాకి ఆమెకు తాతి. పిల్లలు ఆమెను తాతీ అనే పిలిచేవారు. అయ్యవారు ఆమెను ఏనాడూ నిలబెట్టి మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని వేధించలేదు. "తాతి వచ్చె" అని ఆమె అంటే, "అవునుమా, కాకి వచ్చె. ఏ కొమ్మ మీద వాలె ఆ కాకి?" అని అడిగి, ఆ అక్షరాన్ని తన మాటలో నాలుగుసార్లు వినిపించి ఊరుకునేవారు. గొర్లకాపరి ఇంటి పిల్లవాడొకడు పలుకు చక్కగా ఉండి కూడా మొద్దు అనిపించుకున్నాడు. పలక కింద పెట్టి, బయటికి పోయి, కుండలో నీళ్లున్నాయో లేదో చూసి రమ్మంటే, గడప దాటి ఎందుకు వచ్చానో తెలియక నిలబడిపోయేవాడు. వాడితో అయ్యవారు ఒక్కొక్క ముక్కా విడిగా చెప్పి, చేత్తో చూపించి, అది అయ్యాక రెండోది చెప్పేవారు. "వానికి తెలివి లేక కాదు. మనమే మాటలన్నీ మూట గట్టి వాని నెత్తిన పెడతాండాం" అనేవారు. ముగ్గురివీ మూడు వేరు వేరు చిక్కులు. ఆ మూడింటికీ లోకం దగ్గర ఉన్న మందు ఒకటే బెత్తం, ఒకటే నవ్వు. ఇప్పటికీ అదే. మా జిల్లాలో ఏ బడికైనా పోయి గోడకుర్చీ వేసిన పిల్లలను అడిగి చూడండి, చెప్పలేక వేసినవారెందరో. వారు జవాబు చెప్పేదాకా ఆగగలిగితే.

ఇక ఆ ఇన్‌స్పెక్షను.

బడికి సున్నం కొట్టారు. మామిడాకులు కట్టారు. మేనేజరు గారు జరీ అంచు కండువా వేసుకొని వచ్చారు. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. అయ్యవారు ఆయనకు ఎదురుగా, పిల్లల పక్కన నిలబడ్డారు. అన్న వంతు రాకముందే అయ్యవారు ముందుకు వచ్చి, "ఈ పిల్లోనికి అంతా వచ్చు సార్. మాట మొదట్లో పట్టుకుంటాది. పలక మీద రాయమన్నా రాస్తాడు. లేదంటే రొంతసేపు ఆగండి" అని మనవి చేశారు.

"నిబంధనలలో ఉన్నది నోటి పరీక్షయ్యా. పలక కాదు" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. అన్నను లేపి పద్యం అడిగారు.

అన్న అయ్యవారికేసి చూశాడు. అయ్యవారి పెదవులు కదిలాయి, శబ్దం లేదు. అన్న పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం, రెండో పాదం. మా ఊరి గోడలు ఆ గొంతును ఒంటరిగా అంత స్పష్టంగా ఏనాడూ వినలేదు. మూడో పాదం మధ్యలో ఇన్‌స్పెక్టరు గారు తల తిప్పి, అయ్యవారి పెదవులను చూశారు.

"ఆపు! ఏమయ్యా, నా కళ్లముందే అందిస్తున్నావా?"

"అందియ్యలేదు సార్. తోడుగా అన్నా. పద్యం వానికి వచ్చు."

"వస్తే నీ పెదవులతో పనేమిటి?" ఆయన అన్నవైపు తిరిగారు. "ఒరేయ్, నువ్వు చెప్పు. మీ అయ్యవారు అందించాడా లేదా? ఒక్క మాట. అవునా, లేదా?"

లేదు. రెండక్షరాలు. అన్న నోరు తెరిచాడు. నాలుక పైకి లేచి పళ్ల వెనక అంటుకుపోయింది. మెడనరాలు పొంగాయి. నేను చివాలున లేచి "లేదు సార్" అని అరిచాను. "నిన్నెవరు అడిగారు? కూర్చో" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. అయ్యవారు పక్కకు తిరిగి తడిగుడ్డ కోసం చేయి చాచారు. "ఎక్కడికయ్యా, కదలకు" అని ఆయనను కూడా ఆపేశారు. అందరి కళ్లూ అన్న మీదనే. రావలసిన మాట రాలేదు. ఇన్‌స్పెక్టరు గారు కాసేపు చూసి, "తెలిసిపోయిందిలే" అని కలం తీశారు.

ఆ తెలిసిపోవడం ఎటువంటిదో చూడండి. ఆ మనిషికి పట్టాలున్నాయి. బడుల మీద అధికారం ఉన్నది. ఒక పిల్లవాడి నాలుక కదలడానికి పట్టేంత కాలం మాత్రం ఆయన దగ్గర లేదు. అన్న మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నారు. పరీక్షలో మోసం చేయించిన ఉపాధ్యాయుడని అయ్యవారి మీద రాశారు. అన్నను పై తరగతికి పనికిరాడని తేల్చారు.

మరునాడు మేనేజరు గారు బడికి వచ్చి, "గ్రాంటు పోతే బడే పోతాది అయ్యవారూ. నాకూ బాధగానే ఉండాది. మీరు ఇంగో ఊరు చూసుకోండి" అన్నారు. బాధ నిజమే కావచ్చు. పిల్లవాడికి పద్యం వచ్చునో రాదో తెలుసుకోవడానికి ఆయన కూడా ఒక్క క్షణం ఆగలేదన్నది అంతకంటే నిజం.

అయ్యవారి పెట్టె అన్న నెత్తిన పెట్టుకొని బస్సు రోడ్డు దాకా మోశాడు. నేను వెనక నడిచాను. రోడ్డు దగ్గర అన్న ఏదో చెప్పబోయాడు. రాలేదు. అయ్యవారు పొలాలకేసి తిరిగి, కొర్రచేను ఎలా ఉన్నదో చూస్తున్నవారిలా నిలబడ్డారు. బస్సు వచ్చింది. అన్న ఇంకా మొదటి అక్షరం దగ్గరే ఉన్నాడు. "నువ్వు చెప్పాలనుకునింది నాకు తెలుసులేరా" అని ఆయన అతని భుజం తట్టి బస్సెక్కారు.

అన్న బడి మానాడు. బద్వేలులో అయ్యవారు వీధిబడి పెట్టుకున్నారు. పీర్ల పండుగకు మాత్రం తప్పక మా ఊరికి వచ్చేవారు. నిప్పుల గుండం చుట్టూ జనం కేకలు వేస్తుంటే ఆయనా అన్నా మా ఇంటి ముందు బండి మీద కూర్చొని మాట్లాడుకునేవారు. ఇద్దరికీ తొందర ఉండేది కాదు. అన్న ఇప్పుడు ఎద్దులతో నిరాటంకంగా మాట్లాడతాడు, అమ్మతో చాలావరకు మాట్లాడతాడు, కొత్తవారి ముందు మళ్లీ బిగుసుకుపోతాడు. నత్తి పోలేదు. పోగొడతానని అయ్యవారు ఏనాడూ అనలేదు. "పోకున్నా మాట్లాడొచ్చురా" అనేవారు. వింటున్నవారు ఉండాలి, అంతే కదా. ఆ రెండక్షరాల బరువు మాత్రం అన్న మీద నుంచి దిగలేదు. తాను ఆనాడు లేదు అనగలిగి ఉంటే అయ్యవారు ఊళ్లోనే ఉండేవారని అతడు నమ్ముతాడు. ఎంత వాదించినా నేను ఆ నమ్మకాన్ని ఓడించలేకపోయాను.

సభ రోజు పొద్దున్న అన్న ఎద్దులకు సొప్ప వేస్తూ, నా చేతిలోని ఉపన్యాసం చూశాడు.

"ఇన్‌స్పెక్షను సంగతి అంతా ఉండాదన్నా దీంట్లో. మేనేజరు మొగం ముందరే చెప్తా చూడు" అన్నాను.

"నువ్వు... చె... చెప్పొద్దు." సొప్ప కింద పెట్టాడు. "నన్ను అడి... అడిగిండేది. నేను చెప్తా."

"అంతమందిలోనా? నవ్వుతారన్నా."

"న... నవ్వనీ."

నాకు అతని మీద కూడా కోపం వచ్చింది. అంత బలంగా కూర్చిన వాదాన్ని అతడు ఆ సభలో ఏం చేయబోతున్నాడో తలచుకొని భయం వేసింది.

బడి నిండా జనం. నల్లబల్ల మీద రంగు సుద్దముక్కలతో సంతాపసభ అని, దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో మేనేజరు గారి పేరూ రాసి ఉన్నాయి. ఆయన లేచి, అయ్యవారు ఈ గ్రామానికి వెలుగు అన్నారు, అటువంటి గురువు మళ్లీ పుట్టడన్నారు. ఆ వెలుగును ఎవరు ఎందుకు ఊరు దాటించారో చెప్పలేదు. మాట ఎక్కడా తడబడలేదు. నేను జీవితమంతా సాధన చేసిన విద్య ఎందుకు పనికివస్తుందో ఆ పావుగంటలో నాకు బాగా తెలిసింది. తరువాత ఆయన నా పేరు పిలిచారు.

నేను లేవలేదు. వెనక వరసలో నుంచి అన్న లేచి ముందుకు వచ్చాడు.

"నువ్వెందుకప్పా? కూర్చో, కూర్చో. మీ తమ్ముడు చెప్తాడులే" అన్నారు మేనేజరు గారు.

అన్న కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడి, జనానికేసి తిరిగి, నోరు తెరిచాడు. "అ..." అని ఆగింది. మెడ బిగుసుకున్నది. ఎవరో కిసుక్కున నవ్వారు. "అయ్యవారు మంచోరు అంటాడు, అంతే గదప్పా?" అని ఒకడు. "ఏమప్పా కాలేజీ అబ్బోడా, చూస్తాండావేం, నువ్వు రొంత అందియ్యరాదా?" అని ఇంకొకడు. సభ మొత్తం నావైపు తిరిగింది. నా నోటి నిండా మాటలున్నాయి. ఆ మేనేజరును నిలువునా నీరు చేయగల మాటలు. పళ్లు బిగించాను.

లేచి, అందరికీ వీపు పెట్టి, మూలనున్న కుండలో గుడ్డ ముంచి నల్లబల్ల తుడవడం మొదలుపెట్టాను.

"ఏయ్, ఏం చేస్తాండావప్పా? అధ్యక్షుల పేరుండాది!" అని ఎవరో అరిచారు. ముందు ఆ పేరే పోయింది. తరువాత సంతాపసభ పోయింది. రంగునీళ్లు నా మోచేతుల మీదుగా కారాయి. బల్ల నల్లగా తేలింది. అయినా ఆపలేదు. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు తుడుస్తూ ఉన్నాను. నవ్వు ఆగిపోయింది. కుర్చీల కిర్రు ఆగిపోయింది. నా వెనక ఒక గొంతు చాలాసేపు ఒక్క అక్షరం దగ్గరే పెనుగులాడింది. ఎవరూ దానికి అడ్డం రాలేదు.

"అయ్యవారు... అందియ్యలేదు."

కాసేపటికి ఇంకొక మాట వచ్చింది.

"నాకు... పద్యం వచ్చు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను వెనక్కి తిరగలేదు. అన్న ఇంకేమైనా చెబుతాడేమోనని, శుభ్రంగా ఉన్న ఆ బల్లను తుడుస్తూనే ఉన్నాను.